బీప్‌మంటే తవ్వేయడమేనా?

రీల్స్ చూసేవాళ్లకి ఈ సీను కొత్తేం కాదు. ఇంగ్లండ్‌లో ఎక్కడో పచ్చటి పొలం. చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న ఓ పెద్దాయన, పొడుగాటి కర్రకి పళ్లెం బిగించినట్టుండే మెషిన్‌ని నేల మీద అటూ ఇటూ ఊపుతుంటాడు. బీప్‌మంటుంది. మోకాళ్ల మీద కూర్చుని చిన్న పారతో మట్టి పెళ్లగిస్తాడు. వేళ్లతో అలా తుడిచేసరికి ఎప్పటిదో రాజుగారి బొమ్మతో వెండి నాణెం! పదిహేను సెకన్లలో వందల ఏళ్లు వెనక్కి వెళ్లొస్తాం. లైకులు లక్షల్లో ఉంటాయి.

అది చూశాక మనకేమనిపిస్తుంది? ఆ మెషిన్ మన దగ్గరా ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కదా అనిపిస్తుంది. హైదరాబాద్ ఏమన్నా నిన్నమొన్న పుట్టిన ఊరా? 1591లో కట్టిన సిటీ. కుతుబ్‌షాహీలు, మొఘలులు, నిజాములు అందరూ తిరిగిన నేల. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ దాకా నడిస్తే కాలి కింద ఎవరి జేబులోంచి జారిన రూపాయి ఉందో ఎవరికి తెలుసు? ఓ మెషిన్ కొనేసి, ఆదివారం పొద్దున్నే బయల్దేరితే?

ఈ వారం ముచ్చట అదే. ముందే చెప్పేస్తా. మెషిన్ కొనడం కష్టం కాదు. బీప్‌మన్న చోట తవ్వడమే అసలు కథ. అయితే నిరాశ పడకండి. పాత నాణేల వేట అనే సరదా ఉంది చూశారా, దానికి అబిడ్స్, నాంపల్లి కంటే మంచి చోటు మన రాష్ట్రంలో దొరకడం కష్టం. కాకపోతే ఆ వేటకి కావాల్సిన సామాను వేరు.

మెషిన్ ఏం వింటుంది?

మెటల్ డిటెక్టర్‌లో మంత్రమేం లేదు. ఆ పళ్లెంలో రెండు రాగితీగ చుట్టలుంటాయి. ఒకటి నేలలోకి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. దారిలో లోహం తగిలితే దాంట్లో చిన్న కరెంటు సుడులు పుడతాయి. ఆ సుడులు మళ్లీ తమ సొంత అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. రెండో చుట్ట దాన్ని పట్టుకుంటుంది. చెవిలో బీప్! అంతే.

ఈ ఐడియా పాతదే. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ని తుపాకీతో కాల్చినప్పుడు, ఒంట్లో తూటా ఎక్కడుందో వెతకడానికి ఒకాయన ఇలాంటి పరికరం పట్టుకొచ్చాడు. ఆయనెవరో కాదు, టెలిఫోన్ గ్రాహం బెల్! కానీ తూటా దొరకలేదు. మంచంలోని ఇనుప స్ప్రింగులు సిగ్నల్‌ని గందరగోళం చేశాయని చెబుతారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి యోజెఫ్ కొసాట్స్కీ అనే పోలండ్ ఇంజినీర్ చేతిలో అదే ఐడియా మందుపాతరలు వెతికే మెషిన్‌గా మారింది. యుద్ధం అయ్యాకే సరదా కోసం వాడటం జోరందుకుంది.

బెల్ గారి మంచం కథ ఎందుకు చెప్పానంటే, హైదరాబాద్ కూడా ఓ పెద్ద స్ప్రింగుల మంచమే. మామూలు హాబీ మెషిన్‌కి ఒక రూపాయి సైజు నాణెం అందేది జానెడు లోతు దాకా. ఎంత మంచి మెషిన్ అయినా ఇంకొంచెం ఎక్కువ, అంతే. మన సిటీలో ఆ జానెడులో ఏముంటుంది? సోడా మూతలు, మేకులు, సిగరెట్ పెట్టెల్లోని తళుకు కాగితం, గుట్కా పాకెట్లు, తెగిన కేబుల్ ముక్కలు, రోడ్డు కాంట్రాక్టర్ వదిలేసిన ఇనుప ఊచలు. ప్రతి అడుగుకీ ఓ బీప్. బంగారానికీ, అల్యూమినియం మూతకీ చాలాసార్లు సిగ్నల్ ఒకేలా వస్తుంది. ఏదేంటో తేల్చాలంటే తవ్వి చూడాల్సిందే. అక్కడే చిక్కు.

తవ్వాలంటే ఎవరి నేల?

అబిడ్స్, నాంపల్లిలో ఖాళీ జాగా అంటే ఏవి? నాంపల్లి స్టేషన్ ఆవరణ రైల్వేది. పబ్లిక్ గార్డెన్స్ ప్రభుత్వానిది. దర్గా ఆవరణ వక్ఫ్‌ది. ఫుట్‌పాత్ మున్సిపల్ కార్పొరేషన్‌ది. మిగిలిందంతా ఎవరో ఒకరి పట్టా భూమి. అనుమతి లేకుండా పార దించితే ముందు వచ్చేది నిధి కాదు, పెట్రోలింగ్ వాహనం.

రక్షిత కట్టడాల దగ్గరైతే ఇంకా సీరియస్. దేశవ్యాప్తంగా 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ఉంది. రాష్ట్రంలో 2017 హెరిటేజ్ చట్టం ఉంది. రక్షిత ప్రాంతంలో లైసెన్సు లేకుండా తవ్వకం నేరం. ఆ లైసెన్సు హాబీకి ఇచ్చేది కాదు, పురావస్తు పరిశోధనకి ఇచ్చేది.

సరే, మా తాతగారి పొలమే, మా బావి గట్టే అంటారా? అక్కడా ఒక చట్టం ఉంది. దాని వయసు చూస్తే అదే ఓ పురావస్తువు. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ యాక్ట్. దీని లెక్కలో నేలలో దాగి ఉన్న విలువైనది ఏదైనా నిధే. లంకెబిందెలే కానక్కర్లేదు. దాని విలువ పది రూపాయలు దాటితే చాలు, దొరికినవాళ్లు కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. ఏం దొరికింది, ఎక్కడ దొరికింది, ఏ రోజు దొరికింది, ఈ మూడూ రాయాలి. వస్తువుని ప్రభుత్వ ట్రెజరీలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు తెచ్చిస్తానని పూచీ ఇవ్వాలి.

పది రూపాయలు! 1878లో అది పెద్ద మొత్తం. ఇప్పుడు ఆ డబ్బుకి ఇరానీ చాయ్ కూడా రాదు. కానీ చట్టంలో అంకె అదే. అంటే మీకు దొరికిన ఒక్క వెండి నాణెం కూడా దీని కిందికే వస్తుంది.

చెప్పకుండా దాచేస్తే? మీకు రావాల్సిన వాటా పోతుంది. ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తెలిసీ సహకరించిన భూమి ఓనర్‌కి కూడా ఆరు నెలల దాకా శిక్ష ఉంది.

"రావాల్సిన వాటా" అన్నాను కదా, చాలామందికి తెలియని పాయింట్ అదే. "చెబితే గవర్నమెంటోళ్లు మొత్తం పట్టుకుపోతారు" అన్నది ఊళ్లల్లో అందరి నోటా వినే మాట. చట్టంలో రాసింది అది కాదు. కలెక్టర్ నోటీసు ఇస్తాడు. హక్కుదారులెవరైనా ఉంటే రమ్మంటాడు. విచారణ చేస్తాడు. ఎవరిదీ కాదని తేలితే, దొరికినవాళ్లకీ భూమి ఓనర్‌కీ మధ్య ఒప్పందం ఏదీ లేనప్పుడు, మూడొంతులు దొరికినవాళ్లకి, నాలుగో వంతు ఓనర్‌కి. చారిత్రక విలువ ఉందని ప్రభుత్వమే తీసుకోవాలనుకుంటే, అందులోని లోహం విలువకి ఐదో వంతు కలిపి చెల్లించాలి. ఇప్పటి వేలం రేట్ల ముందు అది చిన్న మొత్తమేనని గొణుక్కోవచ్చు. కానీ దొంగ అనిపించుకోకుండా, తలెత్తుకుని తీసుకునే డబ్బు అది.

2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో జరిగింది గుర్తుందా? వెంచర్ కోసం భూమి చదును చేస్తుంటే బిందె బయటపడింది. అందులో బంగారు, వెండి నగలు. అధికారులు వచ్చి లెక్క రాసుకుని స్వాధీనం చేసుకున్నారు. అక్కడ ఎవరూ మెషిన్ పట్టుకుని వెతకలేదు. అనుకోకుండా దొరికింది. అయినా చట్టం అదే.

మరి ఇంగ్లండోళ్లు ఎలా తవ్వుతున్నారు?

ఈ డౌట్ రావాల్సిందే. వాళ్లకీ రూల్స్ ఉన్నాయి. రీల్‌లో అవి కనపడవు, అంతే. భూమి ఓనర్ అనుమతి తప్పనిసరి. రక్షిత ప్రదేశాల్లో మెషిన్ పెట్టడమే నేరం. 1996 ట్రెజర్ యాక్ట్ ప్రకారం నిధి లెక్కలోకి వచ్చేది దొరికితే 14 రోజుల్లో చెప్పాలి. చిన్నాచితకా వస్తువులు కూడా నమోదు చేయించుకునేలా 1997లో ఒక స్కీమ్ మొదలుపెట్టారు. ఇప్పటిదాకా పది లక్షలకు పైగా వస్తువులు, దొరికిన చోటుతో సహా రికార్డుల్లోకి ఎక్కాయి. రూల్స్ లెక్కచేయకుండా రాత్రిపూట దొంగతనంగా తవ్వేవాళ్లు అక్కడా ఉన్నారు, వాళ్ల మీద కేసులూ ఉన్నాయి.

అక్కడి బెస్ట్ కథ ఒకటి చెప్తా. 1992 నవంబర్‌లో సఫోక్ ప్రాంతంలో ఒక రైతు సుత్తి పొలంలో ఎక్కడో పడిపోయింది. డిటెక్టర్ ఉన్న ఫ్రెండ్ ఎరిక్ లాజ్‌ని పిలిచి, కాస్త వెతికిపెట్టు బాబూ అన్నాడు. సుత్తి కోసం వెళ్లినాయనకి రోమన్ల కాలం నాటి బంగారం తగిలింది! కొన్ని నాణేలు, వెండి చెంచాలు పైకి తీశాడు. తర్వాత చేసిన పనే ఆయన్ని గొప్పోణ్ణి చేసింది. తవ్వడం ఆపేశాడు. అధికారులకి కబురు పెట్టాడు. మర్నాడే ఆర్కియాలజిస్టులు వచ్చి పద్ధతిగా తీశారు. దాదాపు 15 వేల నాణేలు! కదిలించకుండా తీశారు కాబట్టి అవన్నీ ఒక చెక్కపెట్టెలో ఎలా సర్ది పెట్టారో కూడా తెలిసింది. ఆయనకి బహుమతిగా 17.5 లక్షల పౌండ్లు వచ్చాయి. ఆయన దాన్ని రైతుతో పంచుకున్నాడు. ఆ సుత్తి కూడా దొరికింది. నాణేలతో పాటు అదీ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది.

ఆయనకి డబ్బు తెచ్చింది బీప్. పేరు తెచ్చింది మాత్రం పార పక్కన పెట్టడం.

చోటు పోతే చరిత్ర పోయినట్టే

ఒక పాత నాణెం చేతిలో పెట్టి "ఇది చెప్పే కథేంటి?" అంటే, దాని మీద రాసింది సగం చెబుతుంది. మిగతా సగం అది దొరికిన చోటు చెబుతుంది. ఎంత లోతులో ఉంది, పక్కన ఏ కుండ పెంకులున్నాయి, ఒంటరిగా ఉందా, గుంపుగా ఉందా, ఇవన్నీ సాక్ష్యాలు. మెషిన్‌తో వెతికి, గబగబా లాగేసి, జేబులో వేసుకుని, ఆన్‌లైన్‌లో అమ్మేస్తే ఆ సగం ఎప్పటికీ పోయినట్టే. మళ్లీ తెచ్చి పెట్టలేం.

మన రాష్ట్రంలోనే దీనికి తిరుగులేని ఉదాహరణ ఉంది. జగిత్యాల జిల్లా, గోదావరి ఒడ్డున కోటిలింగాల. శాతవాహన వంశానికి మూలపురుషుడు సిముకుడు అని పురాణాలు చెప్పాయి. నానేఘాట్ శాసనంలో ఆయన పేరుంది. కానీ ఆయన నాణెం ఎవరూ చూడలేదు. 1970ల్లో స్థానికంగా ఉండే సంగనభట్ల నరహరి శర్మ అనే ఆసక్తిపరుడు, కోటిలింగాల మట్టిలో బయటపడే చిన్న చిన్న నాణేల్ని ఓపిగ్గా సేకరించి, శాసనాల పండితుడు పి.వి. పరబ్రహ్మ శాస్త్రి దాకా చేర్చారు. వాటిలో సిముకుడి పేరున్న నాణేల్ని శాస్త్రిగారు గుర్తించారు. అంతకుముందు ఏలిన గోభద, నారన, కంవాయ, సమగోప లాంటి, పురాణాల్లో కూడా లేని రాజుల పేర్లు బయటికొచ్చాయి. తర్వాత పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. శాతవాహనుల తొలి అడుగులు తెలంగాణ నేల మీద పడ్డాయన్న వాదనకి కోటిలింగాల గట్టి ఆధారమైంది.

ఒక్కసారి ఊహించండి. అవే నాణేల్ని ఎవరో మెషిన్‌తో ఏరుకుపోయి, "పాత రాగి బిళ్లలు, గుప్పెడు ఇంత" అని ఏ సంతలోనో అమ్మేసి ఉంటే? నాణేలు ఉండేవి, వాటి మీద పేర్లూ ఉండేవి. "కోటిలింగాల" అన్న ఒక్క మాట మాత్రం ఉండేది కాదు. ఆ మాట లేకపోతే మన చరిత్ర పుస్తకంలో ఆ పేజీ ఉండేది కాదు.

శర్మగారు ప్రొఫెసర్ కాదు, ప్రభుత్వ ఆర్కియాలజిస్టూ కాదు. మనలాంటి ఆసక్తిపరుడే. హాబీ ఉన్న మనిషి చరిత్రకి ఎంత మేలు చేయగలడో చెప్పడానికి ఆయన చాలు.

లంకెబిందెల పిచ్చి

మెషిన్ మన దగ్గర ఎవరి చేతుల్లో ఎక్కువగా కనపడుతోందో పేపర్ చదివేవాళ్లందరికీ తెలుసు. గుప్తనిధుల ముఠాలు. పాడుబడ్డ గుడిలో నంది కింద, గర్భగుడిలో లింగం కింద, కోట గోడల కింద అర్ధరాత్రి తవ్వకాలు. వెయ్యేళ్లు నిలబడిన విగ్రహం ఒక్క రాత్రిలో ముక్కలవుతుంది. నిధి మాత్రం దొరకదు. పూజలు, క్షుద్రం, బలులు అంటూ ప్రాణాల మీదికి తెచ్చిన కేసులు కూడా మన రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి.

ప్రభుత్వాలకే ఈ ఆశ తగిలిన సందర్భాలున్నాయి. నాంపల్లికి కూతవేటు దూరంలో, సైఫాబాద్‌లోని ఓ స్కూల్ ఆవరణలో 2012 చివర్లో నిధి ఉందన్న సమాచారంతో పురావస్తు శాఖే తవ్వించింది. సిటీ అంతా టీవీలకి అతుక్కుపోయింది. రాళ్లు, మట్టి తప్ప ఏమీ రాలేదు. మర్నాడు ఏడాది, 2013 అక్టోబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో ఓ సాధువుకి కల వచ్చిందని, వెయ్యి టన్నుల బంగారం అంటూ దేశమంతా ఊగిపోయింది. అక్కడ కేంద్ర పురావస్తు శాఖ తవ్వితే కుండ పెంకుల్లాంటివే వచ్చాయి. బంగారం ఊసే లేదు.

ఈ ఆశ మీదే బతికే మోసాలు మీ ఫోన్ దాకా వచ్చేశాయి. "కిలోమీటర్ దూరం నుంచే బంగారం చూపించే లాంగ్ రేంజ్ లొకేటర్" అని వీడియోలుంటాయి. ఇందాక చెప్పిన కాయిల్ లెక్క గుర్తుంచుకోండి. నాణెం జానెడు లోతులో ఉంటేనే కష్టం, కిలోమీటర్ ఏంటి? "రైస్ పుల్లర్" అనే బియ్యం లాగే నాణెం, బియ్యం లాగే చెంబు ఇంకో రకం. హనుమంతుడో, రామ పట్టాభిషేకమో ఉండి, వెనకాల ఈస్ట్ ఇండియా కంపెనీ అణా అని, 1616, 1717, 1818 లాంటి సంవత్సరాలు ఉండే బిళ్లలు మీరూ చూసే ఉంటారు. అవి కంపెనీ వేసిన డబ్బులు కావు. తర్వాతెప్పుడో తయారుచేసి అమ్మిన బిళ్లలు.

ఇంకోటి, "మీ దగ్గర వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ల ఉందా? లక్షలు మీవే" అనే యాడ్. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, తర్వాత జీఎస్టీ, ఆ తర్వాత రిజర్వ్ బ్యాంక్ కమీషన్ అని వరసగా గుంజుతారు. తమ పేరు చెప్పి ఇలా వసూలు చేసేవాళ్లని నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. పాత నాణేల కొనుగోలు, అమ్మకాల వ్యవహారం తాము చేయమని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని తేల్చి చెప్పింది. ఈ ఒక్క ముక్కా ఇంట్లో పెద్దవాళ్లకి కూడా చెప్పండి.

మరి సరదా తీరేదెలా?

ఇప్పుడు అబిడ్స్‌కి వద్దాం. నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన అబిద్ అనే అర్మేనియన్ పెట్టిన షాపు వల్ల ఆ పేరొచ్చిన సెంటర్ ఇది. ఆదివారం షాపులు షట్టర్లు దించాక, వాటి ముందు ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల సంత మొదలవుతుంది. పుస్తకాల వరసల మధ్య గుడ్డ పరుచుకుని నాణేలు, పాత నోట్లు, స్టాంపులు పెట్టుకునేవాళ్లూ కనపడతారు. మీ వేట అక్కడ. కావాల్సిన సామాను: పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం, రెండు దశాంశాల దాకా చూపించే పాకెట్ త్రాసు, ఒక నోట్‌బుక్. డిటెక్టర్ రేటులో పదో వంతు కాదు.

మొదట వెతకాల్సింది మన సొంత డబ్బు, హాలీ సిక్కా. హైదరాబాద్ సంస్థానానికి వేరే రూపాయి ఉండేది. బ్రిటిష్ ఇండియా రూపాయిని ఇక్కడ కల్దార్ అనేవాళ్లు. రెండూ సమానం కాదు. ఆరు కల్దార్ రూపాయలకి ఏడు హాలీ రూపాయలు. ఇంట్లో తాతయ్యనో నానమ్మనో కదిలించి చూడండి, "హాలీ, కల్దార్" మాటలు గుర్తుండొచ్చు.

హాలీ రూపాయి మీద రాజు బొమ్మ ఉండదు, చార్మినార్ ఉంటుంది. దాని గుమ్మంలో ఒక చిన్న ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. భూతద్దం పెట్టి చూడండి. మీమ్ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. ఐన్ అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్. ఆ ఒక్క అక్షరంతో రాజెవరో తేలిపోతుంది! వెనక వైపు "ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్" అని టంకశాల పేరు. భాగ్యవంతమైన పునాది ఉన్న హైదరాబాద్ అని భావం.

సంవత్సరం హిజ్రీలో ఉంటుంది. అంకెలు నేర్చుకోవడం పావుగంట పని. ఒకటి నిలువు గీత, సున్నా చిన్న చుక్క, ఐదు తలకిందులైన గుండె. చదివాక దాన్ని 0.97తో గుణించి 622 కలపండి. 1330 అని ఉంటే 1912 దగ్గరికి వస్తుంది. 1321 అయితే 1903. సైఫాబాద్‌లో కొత్త టంకశాల పెట్టిన సంవత్సరం కూడా అదే.

ఇక త్రాసు. హాలీ వెండి రూపాయి దాదాపు 11.18 గ్రాములు. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి 11.66 గ్రాములు. కొంత అరుగుదల మామూలే. ఒకటి, రెండు గ్రాముల తేడా వస్తే మాత్రం కింద పెట్టేయండి. అంచు చుట్టూ జాయింట్ గీత ఉన్నా, ఒళ్లంతా సూది గుంటలున్నా పోత పోసిన నకిలీ అని అనుమానించాలి. బేరం ఆడండి, తప్పేం లేదు. కొన్నాక చింతపండు పెట్టి ఇత్తడి చెంబు తోమినట్టు తోమకండి. తోమిన నాణేనికి కలెక్టర్ల దగ్గర విలువ పడిపోతుంది.

రెండు జాగ్రత్తలు. ఒకటి, మట్టి అంటుకున్న నాణేలు చూపించి "నిన్ననే పొలంలో దొరికినయి అన్నా" అంటే కొనకండి. మనం కొంటేనే వాళ్లు మళ్లీ తవ్వుతారు. రెండోది, ఎంఎస్ కోసం ఫ్లైట్ ఎక్కేవాళ్లకి. వందేళ్లు దాటిన నాణేలు 1972 చట్టం ప్రకారం పురావస్తువులే. వాటిని దేశం దాటించే హక్కు మామూలు జనానికి లేదు. ఫ్రెండ్‌కి గిఫ్ట్ అని సూట్‌కేసులో పెట్టుకోకండి.

నాంపల్లిలో అసలు ఖజానా

అబిడ్స్ నుంచి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కి నడిచే దూరమే. అక్కడి స్టేట్ మ్యూజియానికి చాలామంది ఈజిప్ట్ మమ్మీని చూడ్డానికి వెళ్లి, సెల్ఫీ తీసుకుని వచ్చేస్తారు. ఇదే శాఖ దగ్గర లక్షల్లో నాణేలున్నాయన్న సంగతి పట్టించుకోరు. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ పెట్టి గులాం యజ్దానీకి అప్పగించినప్పటి నుంచి పోగైన సంపద అది. అందులో చాలా భాగం ఎలా వచ్చింది? నాగలికి తగిలో, పునాదిలో బయటపడో ఎవరికో దొరికి, వాళ్లు ప్రభుత్వానికి అప్పగిస్తే వచ్చింది. ఇందాకటి పాత చట్టం పుణ్యమే. అవి ఏ ఊళ్లో దొరికాయో రాసి ఉండటం వల్లే, ఏ రాజు డబ్బు ఎంత దూరం చెల్లిందో ఇవాళ పరిశోధకులు చెప్పగలుగుతున్నారు.

అక్కణ్నుంచి కాస్త ముందుకెళ్తే సైఫాబాద్ పాత టంకశాల. 1997లో పని చర్లపల్లికి మారిపోయింది. 2022లో ఇక్కడ మ్యూజియం తెరిచారు. నాణెం ఎలా పుడుతుందో ఇక్కడ అర్థమవుతుంది. వెళ్లేముందు వేళలు ఫోన్‌లో చూసుకోండి. ఆదివారం అబిడ్స్‌లో కొన్న హాలీ రూపాయిని జేబులో వేసుకుని, అది తయారైన గేటు ముందు నిలబడటం ఏ బీప్‌కీ తీసిపోదు.

ఒకవేళ నిజంగానే దొరికితే?

ఇల్లు కట్టడానికి పునాది తీస్తుంటేనో, ఊళ్లో పొలం దున్నుతుంటేనో ఏదైనా తగలొచ్చు. అప్పుడు చేయాల్సింది ఇదీ. తవ్వడం ఆపేయండి. అక్కడున్నది అక్కడే ఉండగా ఫొటోలు తీయండి, పక్కన స్కేలో పెన్నో పెట్టి. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేయండి. కడగకండి, పంచుకోకండి, స్టేటస్ పెట్టకండి. తహసీల్దార్‌కో, పోలీస్ స్టేషన్‌లోనో చెప్పి, కలెక్టర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. ఏం దొరికింది, ఎక్కడ, ఎప్పుడు అన్న ఆ మూడు వివరాలే. ఒక కాపీ మీద ముద్ర వేయించుకుని దాచుకోండి, మీ వాటా అడగడానికి పనికొస్తుంది. పంచనామా జరిగేటప్పుడు దగ్గరుండండి.

మీ ఫోన్‌లో ఇప్పటికే కెమెరా ఉంది, జీపీఎస్ ఉంది. 1970ల్లో కోటిలింగాల ఒడ్డున తిరిగిన మనిషికి ఆ రెండూ లేవు. అయినా దొరికిన ప్రతి నాణేనికీ ఊరి పేరు పోకుండా కాపాడారు. ఈ ఆదివారం అబిడ్స్‌లో మొదటి నాణెం కొన్నప్పుడు మీ నోట్‌బుక్‌లో మొదటి లైను కూడా అలాగే మొదలుపెట్టండి: ఏ నాణెం, ఎంత బరువు, ఎక్కడ కొన్నా, ఏ తేదీన. రేటు చివర్లో రాసుకోవచ్చు.